ఆటల ద్వారా శిశువిద్య

మూడు నుండి ఎనిమిదేళ్ళ వయసు గల పిల్లలకు ఆటలు, పాటలు, కథలు, చేతిపనుల ద్వారా భాషను, లెక్కను, పరిసరాల పరిజ్ఞానాన్ని అలవరచే పద్ధతిని ఆటల ద్వారా శిశువిద్య అంటారు. వాడుకలో "ఆడుతూ పాడుతూ చదువు" అని చెప్పేది ఇదే. ఇందుకు ఖరీదైన బొమ్మలు గాని, ప్రత్యేకమైన గది గాని అవసరం లేదు. తెలుగునాట ఇళ్ళలో తరతరాలుగా ఆడుతూ వచ్చిన వామనగుంటలు, అష్టాచెమ్మా, సరి-బేసి, చుక్కల ముగ్గులు మొదలైనవాటిలోనే ఈ వయసు పిల్లలకు కావలసిన గణితంలో చాలాభాగం ఇమిడి ఉన్నది. ఇంటిలోను, బడిలోను సులభంగా ఆడించదగిన కొన్ని ఆటలు, వాటి వెనుక ఉన్న సూత్రాలు, తీసుకోవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ఆవశ్యకత

నాలుగేళ్ళ పిల్లవాడు ఒకటి నుండి వంద వరకు గడగడా ఒప్పచెబితే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అదే పిల్లవాడి ముందు చింతగింజల రాశి పోసి "ఏడు గింజలు ఇవ్వు" అని అడిగితే చాలాసార్లు గుప్పెడు తీసి ఇస్తాడు. ఇది తెలివి తక్కువతనం కాదు. ఒప్పచెప్పడం వేరు, లెక్కించడం వేరు. మొదటిది పాట వంటిది. రెండవదానికి మూడు సంగతులు తెలియవలెను: ఒక్కొక్క గింజకు ఒక్కొక్క మాట చొప్పున చెప్పవలెను, ఏ గింజనూ వదలరాదు, రెండుసార్లు లెక్కించరాదు, చివరకు పలికిన మాటయే మొత్తం రాశికి పేరు. ఈ మూడవ సంగతి పిల్లలకు ఆలస్యంగా పట్టుబడుతుంది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు" అని సరిగ్గా లెక్కించిన పిల్లను "మరి ఎన్ని ఉన్నాయమ్మా?" అని అడిగితే మళ్ళీ మొదటినుండి లెక్కపెట్టడం మొదలుపెడుతుంది. ఐదు అనేది చివరి గింజ పేరు అని ఆమె అనుకుంటున్నదన్నమాట.

స్విట్జర్లాండు దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త జీన్ పియాజే (1896–1980) చేసిన ఒక పరిశీలన కూడా ఇక్కడ గమనించదగినది. ఆరేసి గింజలు గల రెండు వరుసలను ఎదురెదురుగా పేర్చి "రెండూ సమానమేనా?" అంటే పిల్లలు అవునంటారు. వారి కళ్ళముందే ఒక వరుసలోని గింజలను ఎడంగా జరిపితే, ఐదారేళ్ళ లోపు పిల్లలు సాధారణంగా పొడవైన వరుసలోనే ఎక్కువ ఉన్నాయని చెబుతారు. ఇటువంటప్పుడు "తప్పు" అని దిద్దడం వలన ప్రయోజనం లేదు. ఒక వరుసలోని గింజను రెండవ వరుసలోని గింజతో జతపరచమని ఇస్తే, కొన్నాళ్ళకు ఆ పిల్లలే తెలుసుకుంటారు. చేతితో చేసి తెలుసుకోవలసిన దానిని నోటితో చెప్పించడమే మన శిశుతరగతులలో తరచుగా కనబడే లోపం.

సంఖ్యల పేర్ల విషయంలో తెలుగు పిల్లలకు ఒక సౌలభ్యం ఉన్నది. పదమూడు, పదహారు, ఇరవై నాలుగు, యాభై ఏడు అన్నప్పుడు పదులు ముందు, ఒకట్లు వెనుక వస్తాయి. అంకెలు రాసే వరుస కూడా అదే. ఆంగ్లంలో ఫోర్టీన్, సిక్స్టీన్ అన్నప్పుడు ఒకట్లు ముందు పలుకుతాయి; ఫోర్టీన్‌కు ఫోర్టీకి తేడా చెవికి స్పష్టంగా అందదు. హిందీలో నూరు వరకు దాదాపు ప్రతి సంఖ్యనూ విడిగా గుర్తుంచుకోవలెను. కావున ఆంగ్ల మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలకు కూడా లెక్కింపును మొదట తెలుగులో నేర్పి, తరువాత ఆంగ్ల నామాలు చెప్పడం మేలు. విదేశాలలోని తెలుగు కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది.

చరిత్ర

పలకలు అందరికీ అందుబాటులోకి రాకముందు వీధిబడులలో పిల్లలు ఇసుకలో చూపుడువేలితో ఓనమాలు దిద్దేవారు. 1789లో మద్రాసులోని ఎగ్మూరు సైనిక అనాథ బాలుర ఆశ్రమానికి పర్యవేక్షకుడైన ఆండ్రూ బెల్ అనే స్కాట్లండు దేశస్థుడు, స్థానిక బడిలో పిల్లలు ఇసుకలో రాయడం చూసి తన ఆశ్రమంలో ప్రవేశపెట్టాడు. తెలిసిన పిల్లలు తెలియని పిల్లలకు నేర్పే ఏర్పాటును కూడా దానికి జతచేసి, 1797లో లండనులో ఒక పుస్తకం ప్రచురించాడు. ఇది "మద్రాసు పద్ధతి" అనే పేరుతో ఇంగ్లండు పాఠశాలలలో వ్యాపించింది. మన వీధి అరుగు మీది ఇసుక అంత దూరం వెళ్ళిందని చాలామందికి తెలియదు.

జర్మనీ దేశీయుడు ఫ్రెడ్రిక్ ఫ్రోబెల్ 1837లో బాద్ బ్లాంకెన్‌బర్గ్‌లో శిశువుల కొరకు ఒక సంస్థను ప్రారంభించి, 1840లో దానికి "పిల్లల తోట" అనే అర్థం గల కిండర్‌గార్టెన్ అనే పేరు పెట్టాడు. నూలు బంతులు, కొయ్య గోళము, ఘనము, స్తూపము, చిన్న చెక్క దిమ్మెలు ఆయన పాఠ్యసామగ్రి. ఈనాడు అదే పేరుగల తరగతులలో పిల్లలచేత పుటలకు పుటలు రాయించడం ఫ్రోబెల్ ఉద్దేశానికి పూర్తిగా విరుద్ధము.

ఇటలీ వైద్యురాలు మరియా మాంటిస్సోరి 1907లో రోము నగరపు శాన్ లోరెంజో పేటలో తన మొదటి "బాలల గృహము" తెరిచింది. ఆమె 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై మద్రాసులోని అడయారుకు వచ్చి, రెండవ ప్రపంచయుద్ధం కారణంగా 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయింది. అడయారులోను, కొడైకెనాల్‌లోను ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చింది. గరుకు కాగితంతో కత్తిరించిన అక్షరాలను వేలితో తడమడం ఆమె పద్ధతిలో ప్రసిద్ధమైనది. మన ఇసుక అక్షరాలకు, దీనికి పోలిక స్పష్టమే.

భారతదేశంలో ఈ భావాలను దేశీయంగా మలచినవారిలో గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా ముఖ్యుడు. ఆయన 1920లో భావనగర్‌లో బాలమందిరం స్థాపించాడు. ఆయన రచన "పగటి కల" తెలుగులో కూడా లభిస్తుంది. ఉపాధ్యాయులు తప్పక చదువదగిన పుస్తకం. ఆయనతో కలిసి పనిచేసిన తారాబాయి మోదక్ తరువాత మహారాష్ట్రలో గిరిజన శిశువుల వాడలకే బడిని తీసుకువెళ్ళింది. తెలుగువారిలో "రేడియో అన్నయ్య"గా పేరుపొందిన న్యాయపతి రాఘవరావు, ఆయన భార్య కామేశ్వరి ఆకాశవాణి ద్వారా, "బాల" పత్రిక ద్వారా పిల్లల ఆటపాటలకు ఎంతో సేవ చేశారు.

ప్రభుత్వపరంగా 1975 అక్టోబరు 2న దేశంలో 33 బ్లాకులలో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకం వలన అంగన్‌వాడీ కేంద్రాలు ఏర్పడినవి. 1980ల నుండి 1990ల మధ్య వరకు బ్రిటన్ ప్రభుత్వ సహాయంతో నడచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, ఉపాధ్యాయులు "అప్పెప్" అని పిలుచుకున్నది, కృత్యాల ద్వారా బోధన అనే మాటను ప్రతి మండలానికీ చేర్చింది. మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీలో గ్రామీణ బడుల కొరకు రూపొందిన కార్డుల పద్ధతిని ఇతర రాష్ట్రాలు కూడా స్వీకరించాయి. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుండి ఎనిమిదేళ్ళ వరకు గల కాలాన్ని ఒకే పునాది దశగా గుర్తించింది. 2022లో ఆ దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వెలువడింది. 2023 ఫిబ్రవరిలో "జాదూయీ పిటారా" పేరుతో ఆటవస్తువుల పెట్టె విడుదలైంది.

గింజల ఆటలు

చింతగింజలు ఉచితంగా లభిస్తాయి, నున్నగా ఉంటాయి, చిన్నచేతికి పట్టుబడతాయి. పూసలు, బొత్తాములు, చిన్న గులకరాళ్ళు కూడా వాడవచ్చును.

సరి-బేసి: గుప్పిట్లో కొన్ని గింజలు పట్టుకొని "సరియా, బేసియా?" అని అడుగుతారు. గుప్పిట విప్పి గింజలను రెండేసి చొప్పున జతలు పెడతారు. ఒకటి మిగిలితే బేసి. సరిసంఖ్య అంటే ఏమిటో నిర్వచనం చెప్పనవసరం లేకుండానే నాలుగేళ్ళ పిల్లలకు బోధపడుతుంది. కొంత అలవాటయ్యాక రెండు బేసి గుప్పిళ్ళను కలిపితే ఏమవుతుందో చూడమనవచ్చును. మిగిలిపోయిన ఆ గింజా, ఈ గింజా జతకూడడం పిల్లలకు ఎంతో వింతగా ఉంటుంది.

తెలుపు-నలుపు: చింతగింజను గరుకు రాతిమీద ఒకవైపు అరగదీస్తే లోపలి తెలుపు కనబడుతుంది. ఇటువంటివి ఐదు తయారుచేసి నేలమీద వేయవలెను. రెండు తెలుపు పడితే మూడు నలుపు. నాలుగు తెలుపైతే ఒకటి నలుపు. ఐదు ఎన్ని విధాలుగా విడిపోతుందో పిల్లలే కనిపెడతారు. అసలేమీ తెలుపు పడనిది కూడా కలుపుకుంటే ఆరు విధాలు. ఏడు గింజలతో ఆడితే ఎనిమిది విధాలు. ఏడేళ్ళ పిల్లలైతే ప్రతి ఆటనూ గోడమీద గీతలతో గుర్తించి, మూడో నాలుగో తెలుపు తరచుగా పడుతుందని, ఏడూ తెలుపు అరుదని గమనిస్తారు. పదికి లోపు కూడికలు కంఠస్థం చేయించడం కన్న ఈ ఆట వారంరోజులు ఆడించడం మేలు.

వామనగుంటలు: ఒక కొయ్యపలకలో ఏడేసి గుంటలు గల రెండు వరుసలు, మొత్తం 14 గుంటలు ఉంటాయి. తమిళులు దీనిని పల్లాంగుళి అంటారు. పలక లేకపోతే నేలమీద సుద్దతో గడులు గీసినా సరిపోతుంది. నియమాలు ఊరికొక విధంగా ఉంటాయి. సాధారణమైన పద్ధతి ఇది. అన్ని గుంటలలో సమానంగా గింజలు పోస్తారు. ఆడేవారు ఒక గుంటలోని గింజలన్నీ తీసి, వరుసగా తరువాతి గుంటలలో ఒక్కొక్కటి వేస్తూ పోతారు. చేతిలోవి అయిపోగానే ఆ తరువాతి గుంటలోని గింజలు తీసి ఆట కొనసాగిస్తారు. ఆ తరువాతి గుంట ఖాళీగా ఉంటే, దాని అవతలి గుంటలో ఉన్నవి గెలుచుకుంటారు. అప్పుడు ఎదుటివారి వంతు వస్తుంది.

గుంటకు నాలుగు గింజల చొప్పున 56 గింజలతో మొదలుపెట్టి చూడండి. మొదటి గుంటలోని నాలుగు తీసి 2, 3, 4, 5 గుంటలలో వేయాలి. తరువాత ఆరవ గుంటలోనివి తీసి 7 నుండి 10 వరకు. పిదప పదకొండవ గుంటలోనివి తీసి 12, 13, 14, మరల 1. ఈ విధంగా సాగించగా చివరకు ఎనిమిదవ గుంట ఖాళీగా కనబడి, తొమ్మిదవ గుంటలోని ఆరు గింజలు దక్కుతాయి. మొదటి ఎత్తును ఏ గుంట నుండి మొదలుపెట్టినా గెలిచేది ఆరే, ఎందుకంటే గుంటలన్నీ వలయంగా, సమానంగా ఉన్నాయి. గుంటకు మూడు చొప్పున పోస్తే మొదటి ఎత్తులో నాలుగు, ఐదు చొప్పున పోస్తే ఏడు దక్కుతాయి. ఈ సంగతి పిల్లలకు ముందుగా చెప్పరాదు. రెండు మూడు రోజులు ఆడిన తరువాత "ఎక్కడనుండి మొదలుపెడితే ఎక్కువ వస్తాయి?" అని అడిగి ఊరుకుంటే చాలును. రెండవ ఎత్తు నుండి మాత్రం ఎంపికకు విలువ వస్తుంది. గుంటలో ఎన్ని ఉన్నాయో చూసి, ఎక్కడ ముగుస్తుందో మనసులోనే లెక్కించడం అప్పుడు మొదలవుతుంది. ఐదేళ్ళ పిల్లలు వేసే గింజలను పైకి లెక్కిస్తారు, ఏడేళ్ళవారు చూపుతోనే లెక్కిస్తారు.

అష్టాచెమ్మా: నాలుగు గవ్వలు వేసి, వెల్లకిలా పడినవాటిని లెక్కిస్తారు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అనగా నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, అనగా ఎనిమిది. వరుసకు ఐదు గడులు గల చదరంలో కాయలు నడుపుతారు. ఇందులో ముఖ్యంగా అలవడేది తన వంతు కోసం వేచి ఉండడం, కాయ చచ్చినా ఏడవకుండా మళ్ళీ మొదలుపెట్టడం. మూడేళ్ళ పిల్లలకు ఈ రెండూ లెక్కకంటె కష్టమైనవి.

పులిజూదం (మూడు పులులు, పదిహేను మేకలు) ఎనిమిదేళ్ళు దాటినవారికి తగినది.

చుక్కల ముగ్గులు

సంక్రాంతి రోజులలో వాకిట్లో ముగ్గు వేసే పెద్దల పక్కన కూర్చున్న పిల్లలు తెలియకుండానే రేఖాగణితం నేర్చుకుంటారు. ఐదు చుక్కలు పెట్టి, సందుచుక్కలతో, అనగా పై వరుసలోని రెండు చుక్కల నడుమ ఒక చుక్క వచ్చేటట్లు, ఒకటి వచ్చేవరకు రెండువైపులా తగ్గిస్తే 1, 2, 3, 4, 5, 4, 3, 2, 1 చొప్పున వరుసలు ఏర్పడతాయి. మొత్తం ఎన్ని? లెక్కిస్తే 25. అవే 25 చుక్కల స్థానాలలో గింజలు పెట్టి ముగ్గును కొంచెం పక్కకు తిప్పి చూస్తే, వరుసకు ఐదు చొప్పున ఐదు వరుసల చదరం కనబడుతుంది. అదే ఐదు చుక్కలను ఎదురుచుక్కలతో, అనగా చుక్కకు సూటిగా చుక్క వచ్చేటట్లు పెడితే 1, 3, 5, 3, 1 చొప్పున 13 మాత్రమే వస్తాయి. ఏడెనిమిదేళ్ళ పిల్లలు ఈ తేడాను ఇష్టంగా పరిశోధిస్తారు.

అంతకన్న చిన్నవారికి ముగ్గు పిండి చేతికివ్వడమే ఒక విద్య. బొటనవేలు, చూపుడువేలు నడుమ పిండిని సన్నగా వదలడానికి కావలసిన పట్టు, తరువాత పెన్సిలు పట్టడానికి కావలసిన పట్టే. మగపిల్లలను ముగ్గుకు దూరంగా ఉంచవలసిన కారణమేమీ లేదు.

భాషకు సంబంధించిన ఆటలు

కథ చెప్పడాన్ని మించిన భాషాపాఠం లేదు. అయితే చెప్పిన కథనే పదేపదే అడగడం పిల్లల స్వభావం, విసుగుకొనరాదు. తెలిసిన కథలో కావాలని ఒక మాట మార్చి చెబితే పిల్లలు వెంటనే పట్టుకొని దిద్దుతారు. అది వారికి గొప్ప ఆనందం, మనకు వారి శ్రద్ధకు నిదర్శనం.

గొలుసు మాటలు మరొక మంచి ఆట. ఒక మాటలోని చివరి అక్షరంతో తరువాతి మాట మొదలుకావాలి: పలక, కలప, పడవ, వల, లత, తల. గుణింతం గుర్తుల పట్టింపు పెట్టుకుంటే చిన్నవారికి కష్టమవుతుంది గనుక "కి" వచ్చినా "క"తో చెప్పనివ్వవచ్చును. "ళ", "ణ"లతో మాట ముగిస్తే ఎదుటివారు చిక్కుకుంటారని పిల్లలు తొందరగానే కనిపెడతారు. ఆ అక్షరాలతో తెలుగు మాటలు ఎందుకు మొదలుకావో అడుగుతారు కూడా.

పొడుపుకథలు విప్పడం సరే, అల్లడం ఇంకా మేలు. ఒక వస్తువును చీర మడతలో దాచి, పేరు చెప్పకుండా దాని రంగు, రూపు, పని మాత్రం చెప్పమనాలి. చెంచా దాచిన పిల్ల "దానికి పొట్ట ఉంది, కాని తిన్నది మనకే పెడుతుంది" అన్నదనుకోండి, ఆమెకు పొడుపుకథ తయారుచేయడం వచ్చినట్లే.

అక్షరాల విషయంలో తొందర పనికిరాదు. పళ్ళెంలో బియ్యం పోసి పిల్లల వేలు పట్టి దిద్దించే అక్షరాభ్యాసం బాసర మొదలుకొని ప్రతి ఇంటిలోనూ జరుగుతుంది. కాని ఆ పళ్ళెం ఒక్కరోజు వేడుకగానే మిగిలిపోతుంది. మరునాడే పెన్సిలు, నాలుగు గీతల పుస్తకం చేతికి వస్తాయి. ఆ పళ్ళెమే ఆరునెలలు వాడవలసినది. బియ్యానికి బదులు సన్నని ఇసుక వాడవచ్చును. ఒక్క ఊపుతో చెరిగిపోతుంది గనుక తప్పు రాశామన్న బెదురు పిల్లలకు ఉండదు. తెలుగు అక్షరాలను వర్ణమాల వరుసలోనే నేర్పాలన్న నియమం లేదు. గ, ద, వ, మ, ప, న వంటి సులభమైన అక్షరాలతో గల చిన్న మాటలను ముందు చూపి, రూపంలో పోలికగల ప, ష, వంటివాటిని పక్కపక్కన పెట్టి "తేడా ఎక్కడ?" అని అడగడం ఫలితమిచ్చే పద్ధతి.

పరిసరాల పరిశీలన

పరిసరాల విజ్ఞానానికి వాకిలి, పెరడు, వంటిల్లు చాలును. స్టీలు గిన్నె నీటిమీద తేలుతుంది, స్టీలు చెంచా మునుగుతుంది. రెండూ ఒకే లోహం. ఎందుకని? ఆరేళ్ళ పిల్లలు దీనికి చెప్పే సమాధానాలు వినదగినవి. సరియైన సమాధానం వెంటనే చెప్పి ఆటను ముగించరాదు. బంగాళాదుంప మంచినీటిలో మునుగుతుంది. ఉప్పు బాగా కలుపుతూ పోతే పైకి తేలుతుంది.

బడి ఆవరణలో ఒక కర్ర నిలువుగా పాతి, గంటకొకసారి నీడ కొసన రాయి పెట్టించవలెను. నీడ పొద్దున పొడవుగా ఉండి, మధ్యాహ్నానికి కురచై, మరల సాగుతుంది. తెలుగునేల అంతా కర్కటరేఖకు దక్షిణాన ఉన్నందున ఇక్కడ ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉండి కర్ర నీడ కర్ర కిందనే పడుతుంది. హైదరాబాదులో ఇది మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో మరొకసారి జరుగుతుంది. మేలో బడులకు సెలవులు, ఆగస్టులో మబ్బులు. కావున మే నెలలో ఇంటివద్ద చూపించడమే నయం.

వంటింటిలో కొలతలు నేర్పవచ్చును. పాత కొలపాత్రలు ఉన్న ఇంటిలో నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అని పిల్లలే నీళ్ళు పోసి తేల్చుకుంటారు. పాత్రలు లేకపోతే గ్లాసు, చెంబు, బిందె ఉన్నాయి. "చెంబుకు ఎన్ని గ్లాసులు?" అని ముందు ఊహించమని, తరువాత పోయమనాలి. ఊహించడం ముఖ్యం. పెసలు నానబెట్టి తడిగుడ్డలో కట్టి, మొలక రావడం ఎదురుచూడడం మరొక చక్కని పని.

వాడిన వస్తువులతో బొమ్మలు చేయడంలో అరవింద్ గుప్తా కృషి దేశమంతటా ప్రసిద్ధం. అగ్గిపుల్లలను సైకిలు వాల్వు గొట్టపు ముక్కలతో కలిపి త్రిభుజాలు, ఘనాలు చేయించే ఆయన పద్ధతి ఏడేళ్ళు దాటినవారికి తగును. మందు లేని పుల్లలే వాడాలి.

బడిలో అమలు

ఇంటిలో ఒకరిద్దరు పిల్లలు. బడిలో ముప్పై నలభైమంది, అంగన్‌వాడీలో మూడేళ్ళవారు, ఐదేళ్ళవారు కలిసే ఉంటారు. అందరిచేత ఒకేసారి ఒకే ఆట ఆడించబోతే అల్లరి తప్ప మరేమీ మిగలదు. గదిని మూలలుగా విభజించి, ఒక మూల గింజలు, ఒక మూల బొమ్మల పుస్తకాలు, ఒక మూల ఇసుక పళ్ళేలు, ఒక మూల లక్కపిడతల సంసారం ఏర్పాటుచేసి, నలుగురైదుగురు చొప్పున పంపడం తేలిక. పదిహేను ఇరవై నిమిషాలకు మూల మార్చవలెను. పెద్దపిల్లను ఒకరిని ప్రతి జట్టులో ఉంచితే సగం పని ఆమెయే చేస్తుంది. మధ్యలో అందరూ కలిసి చెమ్మచెక్క, ఒప్పులకుప్ప, తొక్కుడుబిళ్ళ వంటివి ఆరుబయట ఆడాలి.

బోధనోపకరణాలను గోడకు ఎత్తున తగిలించడం, బీరువాలో పెట్టి తాళం వేయడం మన బడులలో పాత జాడ్యం. తనిఖీ అధికారులకు చూపడానికి తయారైన అట్టబొమ్మ పిల్లల చేతికి అందకపోతే దానివలన ఉపయోగం సున్న. చిరిగిపోతే మరొకటి చేసుకోవచ్చును.

తల్లిదండ్రుల నుండి వచ్చే అభ్యంతరం ఒకటున్నది: "బడికి పంపితే ఆడిస్తున్నారు, చదువు చెప్పడం లేదు." ఇది కొట్టిపారేయదగినది కాదు. కూలిడబ్బులతో ఫీజు కట్టే తండ్రికి పుస్తకంలోని ఎర్రసిరా "గుడ్" ఒక్కటే కంటికి కనిపించే ఫలితం. అతనికి ఉపన్యాసం ఇచ్చే బదులు, నెలకొకసారి బడికి పిలిచి, అతని కూతురు పదిహేను గింజలను ముగ్గురికి సమానంగా పంచడం కళ్ళారా చూపించాలి. భాగహారం ఇదేనని అతనికి చెప్పనవసరం ఉండదు.

చట్టం కూడా ఈ పద్ధతికి అనుకూలంగానే ఉన్నది. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షను బడిలో చేర్చుకోవడానికి పిల్లలను వడపోయడాన్ని, 17వ సెక్షను దండించడాన్ని నిషేధించాయి. కృత్యాలు, అన్వేషణ ద్వారా నేర్పాలని 29వ సెక్షను చెబుతున్నది. అయితే ఈ చట్టం ప్రధానంగా 6 నుండి 14 ఏళ్ళ వారికి సంబంధించినది. అంతకన్న చిన్నపిల్లల తరగతులే ఎక్కువ ఒత్తిడికి లోనవుతుండడం విచారకరం.

పెద్దల పాత్ర

ఆట మధ్యలో పరీక్ష పెట్టకపోవడం అన్నిటికంటె ముఖ్యము. "ఇప్పుడు చెప్పు, మూడూ నాలుగూ ఎంత?" అని గద్దించగానే ఆట ఆగిపోయి పిల్లల ముఖంలో భయం చేరుతుంది. పెద్దలు కూడా ఒక ఆటగాడిగా కూర్చొని, తమ వంతులో తాము పైకి ఆలోచించడం మంచి ఉపాయం: "నాకు మూడు పడ్డాయి, ఇంకొక నాలుగు పడితే పండుతుంది." పిల్లలు విని అనుకరిస్తారు. అప్పుడప్పుడు ఓడిపోవడానికి సిద్ధపడాలి గాని, ప్రతిసారీ కావాలని ఓడిపోతే వారు ఇట్టే గ్రహిస్తారు.

ఇంటిలో అవ్వాతాతలు ఉంటే ఈ బాధ్యత వారికి అప్పగించవచ్చును. ఊరి నియమాలు, పాత పాటలు వారివద్దనే ఉన్నాయి. వారికి తీరిక కూడా ఉన్నది.

జాగ్రత్తలు

మూడేళ్ళ లోపు పిల్లలకు గింజలు, పూసలు ఇవ్వరాదు. గొంతులో అడ్డుపడి ఊపిరాడకపోయే ప్రమాదం ఉన్నది. ముక్కులో, చెవిలో దూర్చుకున్న పప్పుగింజ తడికి ఉబ్బి బయటకు రాదు. పుల్లతో కెలకకుండా వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి. అక్కచెల్లెళ్ళు కలిసి ఆడే ఇంటిలో ఆట మొదలుపెట్టేటప్పుడు, ముగించేటప్పుడు గింజలు లెక్కించి డబ్బాలో వేయించడం ఒక మంచి అలవాటు; ఇది కూడా లెక్కే.

వామనగుంటలకు ఎర్రని గురివింద గింజలు కొందరు వాడతారు. చూడ ముచ్చటగా ఉన్నా ఇవి విషపూరితాలు. కొరికి మింగితే ప్రాణాపాయం. ఆముదపు గింజలు, గన్నేరు కాయలు కూడా అటువంటివే. చిన్నపిల్లల ఆటలలో వీటిని వాడనే రాదు. ఆకులు సేకరించేటప్పుడు జిల్లేడు పాలు కంటిలో పడకుండా చూడాలి.

కొయ్యబొమ్మలు కొనేటప్పుడు రంగుల విషయం విచారించాలి. కొన్ని చౌకబారు రంగులలో సీసం ఉంటుంది, పిల్లలు బొమ్మలను నోట పెట్టుకుంటారు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు అంకుడు కర్రతో చేసి, చెట్ల నుండి తీసిన సహజమైన రంగులు వేసినవి. వీటికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొంగరాలు, గిలకలు, లక్కపిడతలు వీటిలో దొరుకుతాయి.

ఫోనులోని "విద్యా ఆటలు" వీటికి ప్రత్యామ్నాయం కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది లోపు శిశువులకు తెర చూపనే రాదు. రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంటకు మించరాదు, ఎంత తగ్గితే అంత మేలు. తెరమీద ఏడు ఆపిల్ పండ్లను వేలితో తాకితే బొమ్మ చప్పట్లు కొడుతుంది గాని, ఏడు గింజల బరువు గుప్పిటకు తెలియదు.